కొలువు – సెలవు

మన భాషలో కొలువు, సెలవు అను రెండు పదములకు చెవికి వినవచ్చు చుట్టఱికము కలదు. అర్థమునందును ఆ చుట్టఱికము లేకపోలేదు. కొలువనగా సేవ. సెలవనగా మొదట అనుజ్ఞ. పెద్దలు సెలవిచ్చిరనిన ఆజ్ఞాపించిరని యర్థము. సెలవు పుచ్చుకొని వెళ్లితిమనిన వారి అనుమతితో బయలుదేఱితిమని యర్థము. ఒకరి కొలువున లేనివానికి ఒకరి సెలవుతో పనిలేదు. పొలము దున్నుకొను రైతు తన విశ్రాంతిని ఋతువును బట్టియు, పండుగను బట్టియు తానే ఏర్పఱచుకొనెను. కొలువున చేరినవాడు మాత్రము కాలమును జీతమునకిచ్చి, అందులో కొంత తిరిగి అడుగవలసినవాడయ్యెను.

ఈ ఇబ్బందిని మన పూర్వులెఱుగకపోలేదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవులలో నొకడని ప్రసిద్ధి కెక్కిన ధూర్జటియే కాళహస్తీశ్వర శతకమున రాజసేవను తీవ్రముగా గర్హించెను. మఱొకవంక "ఉద్యోగం పురుషలక్షణం" అను మాట తెలుగువారి యిండ్లలో తరతరములుగా వినబడుచునే యున్నది. నెలనెలకు తప్పక వచ్చు జీతమును, తుదకు వచ్చు పెన్షనును నమ్ముకొని యుండవలెనా, లేక దేహమున శక్తి యుండగనే కొంతకాలము మనస్సునకు నచ్చిన రీతిని గడుపవలెనా యను ప్రశ్న ప్రతి ఉద్యోగికి ఏదో యొక సాయంకాలము తోచును. దీనిని నీతిప్రశ్నగా చర్చించుటకంటె చరిత్రగా పరిశీలించుట మేలు. ఏలయనగా, కొలువునకు సెలవునకు నడుమ నేడున్న సంబంధము గడచిన రెండు శతాబ్దములలో మనుష్యులు వ్రాసికొన్న నియమముల వలన ఏర్పడినది.

మన కార్యాలయముల ఆచారములలో పెక్కింటి మూలములు లండను నగరమున లెడన్‌హాల్ వీథిలో నుండిన ఈస్టిండియా హౌస్‌లో దొరకును. మన దేశపు వ్యాపారమును, పిమ్మట మన దేశపు పాలనను ఆ భవనమందలి గుమాస్తాలు కాగితముపై నడపిరి. వారిలో నొకడు చార్లెస్ లాంబ్. ఆంగ్లసాహిత్యము చదివినవారందఱికి ఈయన 'ఎలియా' అను పేర వ్యాసములు వ్రాసినవాడుగా పరిచితుడు. కాని ఆయన జీవితములో అత్యధికభాగము లెక్కల పుస్తకముల యొద్దనే గడచినది. 1792 ఏప్రిల్‌లో తన 17వ యేట ఆయన కంపెనీ కొలువున చేరెను. 1796లో ఆయన సోదరి మేరీ మతిభ్రమణమున తల్లిని చంపెను. నాటి నుండి ఆ సోదరి పోషణభారమంతయు లాంబ్ స్వీకరించెను. కావున ఆయనకు కొలువు విడుచుట యను ఆలోచన విలాసము వంటిది. ఆ జీతముపై ఆధారపడి మఱొక ప్రాణముండెను.

ఆయనకు దొరకిన విశ్రాంతి యెంత? ఆదివారములు, ఈస్టరునకు ఒకదినము, క్రిస్మసునకు ఒకదినము, వేసవిలో ఒక వారము. పూర్వము ఋషుల పేర ఉండిన పండుగ సెలవులను కంపెనీవారు క్రమక్రమముగా తగ్గించివేసిరి; ఈ విషయమును గూర్చి లాంబ్ తన వ్యాసములలోను, ఉత్తరములలోను వాపోయెను. 33 సంవత్సరములు ఇట్లు గడచిన పిమ్మట, ఆరోగ్యము చెడినందున, 1825 మార్చి 29న ఆయన పదవీవిరమణ చేసెను. కంపెనీవారు జీతములో సుమారు మూడింట రెండు వంతులు పెన్షనుగా నిచ్చిరి. సోదరికి తరువాతి కాలమున భృతి కలుగుటకై 9 పౌనులు మినహాయింపబడగా ఏడాదికి 441 పౌనులు ఆయన చేతికి వచ్చెను.

ఆ సంవత్సరమే లాంబ్ పదవీవిరమణము నొందిన గుమాస్తాను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందులోని సంగతి మనవారందఱు చదువదగినది. ఎంతో కాలముగా కోరుకొన్న స్వేచ్ఛ ఒక్కసారిగా వచ్చి పైబడగా అతడు దానిని అనుభవింప లేక దిగ్భ్రమ చెందెను. దినములకుండిన రుచిభేదము పోయి అన్నియు ఒక్కటే అయ్యెను. పాత స్నేహితులను చూచుటకై కార్యాలయమునకు పోగా, తన బల్లయొద్ద మఱొకడు కూర్చుండియుండెను. విరమణానంతరము లాంబ్ జీవించినది పది సంవత్సరములైనను కాదు. 1834 డిసెంబరులో మరణించెను. ఆయనకు కీర్తి తెచ్చిన వ్యాసములలో పెక్కు కొలువున నుండగనే వ్రాయబడినవి. విశ్రాంతి నంతయు తుదకు దాచియుంచినచో అది వచ్చునప్పటికి అనుభవించు అభ్యాసము తప్పిపోవునని ఈ యుదాహరణము చెప్పుచున్నది.

ఇందుచే లాంబ్ కొలువును నిందించి, యువకులను దాని నుండి మరలించెనని తలచిన పొరబాటు. 1823 జనవరిలో బెర్నార్డ్ బార్టన్ అను కవి, సఫోక్ ప్రాంతమున ఒక బ్యాంకులో గుమాస్తాగా నుండినవాడు, ఉద్యోగము విడిచి గ్రంథరచనమునే నమ్ముకొందునని ఆయనకు తెలిపెను. లాంబ్ తీవ్రముగా వారించెను. పుస్తకవ్యాపారుల దయపై బ్రదుకుట యెట్టిదో తనకు తెలిసినట్లు వివరించి, బ్యాంకుబల్లను వదలవలదని హెచ్చరించెను. బార్టన్ ఆ మాట వినెను. 1849లో మరణించు వఱకు సుమారు 40 సంవత్సరములు ఆ బ్యాంకులోనే పనిచేసెను. భద్రతను నిలుపుకొనెను, కవితలను వ్రాసెను. కాని తీరుబడి యను దానిని ఎఱుగకయే పోయెను. కొలువును ద్వేషించినవాడే కొలువును విడువవలదని చెప్పుటలో వైరుధ్యమున్నట్లు తోచవచ్చును. చేతిలో జీతము లేని తీరుబడి తీరుబడి కాదనియు, అది భయమునకు మఱొక పేరనియు లాంబ్ ఎఱిగియుండెను. రెంటికి చెడిన రేవడి యగుట కంటె ఒకదానిని నిలుపుకొనుట మేలని ఆయన అభిప్రాయము.

అయితే ఒకదానినే నిలుపుకొనవలెనా? అదే భవనమున పనిచేసిన మఱొకని చరిత్ర దీనికి సమాధానము చెప్పును. జాన్ స్టూవర్ట్ మిల్ 1823లో, లాంబ్ వలెనే 17వ యేట, ఇండియా హౌస్‌లో చేరెను. స్వదేశ సంస్థానములకు సంబంధించిన లేఖలను సిద్ధపఱచుట ఆయన పని. 1858లో కంపెనీ పాలన ముగియు వఱకు 35 సంవత్సరములు ఆయన అచ్చటనే యుండెను. తర్కశాస్త్రమును గూర్చిన మహాగ్రంథమును 1843లోను, అర్థశాస్త్ర గ్రంథమును 1848లోను ప్రకటించినది ఈ ఉద్యోగి యే. తన స్వీయచరిత్రలో ఆయన ఈ విషయమును విప్పి చెప్పెను: జీవనమునకై కలమును అమ్ముకొనువాడు తనకు నచ్చినది వ్రాయలేడు, కార్యాలయపు పని యైనచో మనస్సునకు మార్పును, బ్రదుకునకు భరోసాను ఇచ్చి, మిగిలిన శక్తిని తన యిష్టమునకు విడుచును. ఏడాదికి ఒక మాసమునకు మించని సెలవును ఆయన గ్రామసీమలలో కాలినడకకును, విదేశయాత్రకును వినియోగించెను. ఆరోగ్యము చెడినప్పుడు వైద్యుల సలహాపై ఒకమారు మూడు మాసములు, మఱొకమారు ఆరు మాసములు దీర్ఘయాత్ర చేసెను. తిరిగివచ్చునప్పటికి ఆయన స్థానము ఆయన కొఱకు వేచియుండెను.

లాంబ్‌కు మిల్‌కు భద్రతలో భేదము లేదు; సెలవులో మాత్రము భేదమున్నది. ఒకడు లెక్కల గుమాస్తా. మఱొకడు పాలనావ్యవహారములు వ్రాయువాడు. సెలవు హోదాను బట్టి పంచబడెనని చరిత్ర చెప్పు మొదటి పాఠము. ఈ పాఠము సముద్రము దాటి మన దేశమునకు వచ్చునప్పటికి మఱింత స్పష్టమైనది.

మన దేశమున పనిచేసిన కంపెనీ అధికారులకు నిజముగనే 'ఉద్యోగమా, సెలవా' యను సంకటము ఏర్పడియుండెను. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఐరోపాకు సెలవుపై పోవు అధికారి తాను వహించిన పదవిని వదలుకొనవలసి యుండెను. గుడ్‌హోప్ అగ్రమునకు పోయినవానికి ఆ నష్టము లేకుండెను; ఏలయనగా ఆ ప్రదేశము కంపెనీ హద్దుల లోనిదిగా లెక్కింపబడెను. అందుచే స్వదేశమునకు పోవలెనని యున్నను పోక, రోగులైన అధికారులెందఱో దక్షిణాఫ్రికా తీరమున మాసముల తరబడి కాలము గడపిరి. తల్లిదండ్రులను చూచుటయా, పదవిని కాపాడుకొనుటయా యను ప్రశ్నకు వారిలో ననేకులు పదవి వైపే మొగ్గిరి. 1850ల నడుమ ఈ నియమము సడలింపబడెను.

ఈ సందర్భమున తెలుగువారు మఱువరాని పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817లో మద్రాసునకు వచ్చి కడప మొదలగు చోట్ల పనిచేసిన ఈ అధికారి, 1830ల నడుమ కొన్ని సంవత్సరములు ఇచ్చటి విధులకు దూరముగా ఇంగ్లండులో నుండెను. ఆ కాలమున ఆయన కాలిడినది ఎచ్చటికి? లాంబ్ పదేండ్ల క్రిందట విడిచివచ్చిన ఇండియా హౌస్‌కే. అచ్చటి గ్రంథాలయమున చదువువారు లేక పడియున్న తెలుగు వ్రాతప్రతులను ఆయన చూచి, వానిని మద్రాసునకు తిరిగి పంపు ఏర్పాటు చేయించెను. నేడు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్న తెలుగు తాళపత్రసంపదకు బ్రౌన్ సేకరణము మూలాధారములలో నొకటి. ఆయన కార్యాలయమున నున్న దినములలో వ్రాసిన ఫైళ్లు ఏమైనవో ఎవరికి తెలియదు. కార్యాలయమునకు దూరముగా నున్న దినములలో చేసిన పని తెలుగుజాతికి మిగిలినది.

పై కథలన్నియు దొరలవి. దేశీయులైన గుమాస్తాలు, జవానులు, కూలీలు ఎట్లుండిరి? ప్రభుత్వ కార్యాలయములలోని వారికి పండుగదినములైనను దక్కెను. మిల్లు కూలీకి అదియు లేదు. బొంబాయి బట్టలమిల్లులలో సూర్యోదయము నుండి సూర్యాస్తమయము వఱకు పని. వారమున ఒక దినమైనను నియతముగా విశ్రాంతి లేదు. సెలవడిగినవానిని తీసివేసి మఱొకని పెట్టుకొనుట యజమానులకు క్షణములో పని. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో అచ్చటి కార్మికులను కూడగట్టి, అర్జీలతోను సభలతోను ఆఱు సంవత్సరములు పోరాడి, 1890లో ఆదివారపు సెలవును సాధించెను. 1891 నాటి ఫ్యాక్టరీల చట్టము వారాంతపు విశ్రాంతికి శాసనబలము చేకూర్చెను. తరువాతి కాలమున తెలంగాణము నుండి వలసపోయి ఆ మిల్లులలో మగ్గములు నడపిన మన పద్మశాలీలకును ఈ ఆదివారము దక్కినది. ఆదివారమున మనము నిద్రలేచుటకు ఆలస్యము చేయునప్పుడు, అది పంచాంగముతో వచ్చిన వరము కాదనియు, పనిపోవునను భయమునకు లొంగని కూలీలు సంపాదించి పెట్టినదనియు తలచుకొనుట ఉచితము.

ప్రభుత్వోద్యోగుల విషయమున 1922 జనవరి 1న అమలునకు వచ్చిన ఫండమెంటల్ రూల్సు ఒక మైలురాయి. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, సెలవునందును వివక్ష. ఆసియా నివాసులు కాని అధికారులకు ప్రత్యేక సెలవు నియమములు, మిగిలినవారికి సాధారణ నియమములు. ఒకే గదిలో ఒకే పని చేయు ఇరువురిలో ఒకనికి దీర్ఘవిశ్రాంతి, మఱొకనికి స్వల్పవిశ్రాంతి. రెండవది, మనమందఱము 'లీన్' అని పిలుచు హక్కు. స్థిరోద్యోగి సెలవున నున్నను, వేఱొకచోట పనిచేయుచున్నను, తన స్థానముపై అతని హక్కు చెడదు. ఆ హక్కు గలవానికి గుడ్‌హోప్ అగ్రమా, ఇల్లా యను సంకటము లేదు. వెళ్లి తిరిగి వచ్చుటకు చోటుండుటయే ఉద్యోగభద్రత యొక్క సారము.

అయినను అదే గ్రంథమున మఱొక నియమమున్నది: సెలవును హక్కుగా అడుగరాదు. 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమావళిలోను ఈ మాట అట్లే నిలిచినది. ప్రజాసేవ యొక్క అవసరమును బట్టి మంజూరు చేయు అధికారి దానిని నిరాకరింపవచ్చును, రద్దు చేయవచ్చును. తెలుగు పదమున మొదటి నుండి ఉన్న అర్థమే, అనగా అనుజ్ఞయే, శాసనభాషలోను నిలిచినదన్నమాట.

స్వాతంత్ర్యానంతరము కొలువును, సెలవును రెండును బలపడినవి. 1950లో రాజ్యాంగపు 311వ అధికరణము విచారణ లేక ఉద్యోగిని తొలగింపరాదని కట్టుదిట్టము చేసెను. 1956 అక్టోబరులో కేంద్రప్రభుత్వము సెలవు ప్రయాణ రాయితీని ప్రవేశపెట్టెను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరమును అదియే. స్వస్థలమునకు వేయి మైళ్ల దూరమున, ఢిల్లీలో, పనిచేయు తెలుగు గుమాస్తాకు ఈ రాయితీ యెట్టిదో చెప్పనక్కఱలేదు. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టునకు కూడబెట్టలేక తల్లిని చూడకయే సంవత్సరములు గడపినవాడు, భార్యాబిడ్డలతో విజయవాడ స్టేషనులో దిగగలిగెను. బిడ్డలు తాతగారి యూరిని, వరిచేను గట్లను, తెలుగు మాటలాడు వీథిని చూచిరి. ప్రవాసమున మన పిల్లలు తెలుగును నిలుపుకొనుటకు ఎల్.టి.సి. చేసిన సాయము తక్కువ కాదు. 1985లో ఐదుదినముల పనివారము వచ్చెను. 2008 నుండి మహిళా ఉద్యోగులకు 730 దినముల శిశుపాలన సెలవు ఏర్పడినది. అయితే స్త్రీల సెలవులో అధికభాగము పరీక్షలకు, జ్వరములకు, చుట్టముల రాకపోకలకు పోవుచున్నది గాని వారి విశ్రాంతికి కాదని ప్రతి యింటివారు ఒప్పుకొనవలసిన సంగతి.

ఇచ్చట చరిత్ర ఒక మలుపు తిరిగినది. 1977లో, వాడుకొనక మిగిలిన ఆర్జిత సెలవునకు పదవీవిరమణ సమయమున సొమ్మిచ్చు పద్ధతి మొదలయ్యెను. ఆ పరిమితి 1986లో 240 దినములకు, 1997లో 300 దినములకు పెరిగినది. మూడువందల దినములనగా పది మాసముల జీతము, కరవుభత్యముతో కూడ. ఆ మొత్తముతో బిడ్డ పెండ్లి జరుగును, ఇంటి అప్పు తీరును. దానిని తేలికగా మాటలాడుట తగదు. కాని దీని వలన మన మనస్సులలో ఒక మార్పు కలిగినది. సెలవు అనుభవింపదగిన కాలముగా గాక దాచదగిన ధనముగా కనబడసాగెను. సెలవు పెట్టినవాడు సొమ్ము పోగొట్టుకొన్నవాడుగా తోచెను. ఉద్యోగభద్రతకు సెలవునకు నడుమ నుండిన పాత పోటీ తీఱినప్పటికి, సెలవునకు దాని వెలకు నడుమ క్రొత్త పోటీ పుట్టినది.

ఈ పోటీ న్యాయమైనదేనా? లెక్క చూతము, మనము లెక్కలు తెలిసినవారమే గదా. ఏడాదికి 30 దినముల చొప్పున, జనవరి 1న 15, జూలై 1న 15 దినములు మన లెక్కలో చేరుచున్నవి. 30 సంవత్సరముల సేవకు 900 దినములు. ఇందు తుదకు సొమ్ముగా మారునది 300. సెలవు ప్రయాణముతో పాటు పదేసి దినములుగా మార్చుకొన వీలైనవి సేవాకాలమంతయు కలిపి 60. మిగిలిన 540 దినములు ఏమగును? వాడుకొన్నచో సెలవు, వాడుకొననిచో శూన్యము. ఏ సెలవును పెట్టక దాచువాని లెక్క పదేండ్లలోనే పరిమితిని తాకును. పిమ్మట ఇరువది యేండ్లు అతడు దాచుచున్నది ఏమియు లేదు, పోగొట్టుకొనుచున్నాడు. అనగా సొమ్మును ప్రేమించువాడైనను ఏడాదికి పదునెనిమిది దినములు నష్టము లేక ఇంటివారితో గడుపవచ్చును. ఒకటిన్నర సంవత్సరపు కాలమును ఎవరికిని ఉపయోగము లేక వదలుకొనుట పొదుపు అనిపించుకొనదు.

మఱొక సంగతిని గూడ మఱువరాదు. మన కార్యాలయములలోనే నేడు కాంట్రాక్టుపై పనిచేయువారున్నారు. వారికి లీన్ లేదు. సెలవు పెట్టిన దినమున జీతము పోవుననియు, పెక్కు దినములు పెట్టిన పనియే పోవుననియు వారి భయము. 2004 జనవరి 1 తరువాత చేరిన స్థిరోద్యోగులకైనను పెన్షను పూర్వపు రీతిగా లేక, చందాలతో కూడిన పద్ధతిగా మారినది. 2025 ఏప్రిల్ నుండి ఏకీకృత పెన్షను పథకమును ఎన్నుకొను వీలు కలిగినది. భద్రత యనునది ఒకసారి సంపాదించి పెట్టెలో పెట్టిన నగ వంటిది కాదని దీనివలన తెలియుచున్నది. ఈ భద్రత గలవారు సెలవును వాడుకొనకుండుట, అది లేనివారికి మేలు చేయదు సరికదా, విశ్రాంతి అనవసరమను వాదమునకు బలమిచ్చును.

కావున, నెలజీతమును విడిచి విహారమునకు పొమ్మని నేను చెప్పను. బార్టన్‌కు లాంబ్ చేసిన హితవే నేటికిని సరియైనది. కాని కొలువు యొక్క ప్రయోజనములలో సెలవు ఒకటి యనియు, దానిని వదలుకొనుట విశ్వాసపాత్రతకు గుఱుతు కాదనియు మనము గ్రహింపవలెను. మిల్ ఏటేట నడచెను. లాంబ్ తుదివఱకు వేచియుండెను. ఇరువురును ఒకే కొలువువారు.

మన పాత నిఘంటువులలో సెలవను పదమునకు అనుజ్ఞ యనుటతో పాటు వ్యయమను అర్థము కూడ కలదు. తమిళులు నేటికిని ఖర్చును సెలవనియే యందురు. అనుజ్ఞ అధికారి చేతిలోనిది; వ్యయము మాత్రము మన చేతిలోనిది. వచ్చు జనవరి 1న మన లెక్కలో 15 దినములు చేరును. వానిని ఎచ్చట, ఎవరితో, ఎట్లు వెచ్చింపవలెనో యింటివారితో కూర్చుండి ముందుగా నిశ్చయించి, దరఖాస్తును వేళకు పంపుట మంచిది. ఊరిలో మన రాకకై చూచువారు కొందఱు వృద్ధులు. వారికి జమ చేసికొను సెలవులు లేవు.